మెరుపు వెలుగున అణువులను గాంచిన జార్జి పోర్టరు

వర్షాకాలపు రాత్రులందు ఉరుములతో వాన కురియుచుండగా కిటికీయొద్ద నిలిచి చూచిన విద్యార్థులకు ఒక వింత అనుభవమై యుండును. పెనుగాలికి అల్లల్లాడుచున్న తాటిమట్టలు, మెరుపు మెరసినప్పుడు చలనము లేక నిలిచినట్లు కానవచ్చును. నేలకు జారుచున్న చినుకులు నడుమ వ్రేలాడు ముత్యములవలె నగపడును. నిజమునకు మట్టలును నిలువలేదు, చినుకులును నిలువలేదు. మెరుపు మెరసిన కాలము మిక్కిలి స్వల్పమగుటచే, ఆ కాలములో అవి కదలిన దూరము మన కంటికి తెలియలేదు. వేగముగా కదలు వస్తువును చూడగోరువాడు దానికంటె వేగముగా వచ్చిపోవు వెలుగును సంపాదింపవలెను. ఈ పాఠమును ప్రకృతి మనకు ప్రతి యేట నేర్పుచునే యున్నది.

ఈ పాఠమును రసాయన శాస్త్రమునకు అన్వయించి, ఏ సూక్ష్మదర్శినికిని అందని అణువుల మార్పులను చూచుటకు త్రోవ తీసిన మహనీయులలో జార్జి పోర్టరు ముఖ్యుడు. ఆయన జీవితమును ఈ సంచికలో వ్రాయుటకు మాకొక ప్రత్యేక కారణము గలదు. దానిని వ్యాసాంతమున విన్నవించుకొందుము. ముందుగా ఆయన చరిత్రమును సంగ్రహముగా చెప్పుదుము.

జార్జి పోర్టరు 1920 వ సంవత్సరము డిశంబరు 6 వ తేదీన ఇంగ్లండు దేశమున యార్కుషైరు మండలములోని స్టెయిన్‌ఫర్త్ అను గ్రామమున జన్మించెను. అది బొగ్గుగనుల ప్రాంతము. ఆయన తండ్రి ఇండ్లు కట్టించు వృత్తిలో నుండెను. బాలునకు చిన్ననాటనే రసాయన ప్రయోగములయందు మక్కువ కలిగెను. తండ్రి వానిని మందలింపలేదు. పాతబడిన ఒక బస్సును వెల యిచ్చి తెచ్చి, దానిని ప్రయోగశాలగా వాడుకొనుమని కుమారునకు అప్పగించెను. ఊరూరు తిరిగి తిరిగి అలసిన ఆ బండియే ఆ బాలశాస్త్రజ్ఞుని మొదటి ప్రయోగశాల. పిల్లల కోరికలలో ఏది చాపల్యమో, ఏది విత్తనమో మొదట తెలియుట కష్టము. ఆ తండ్రి విత్తనమేయని నమ్మి దానికి కొంత చోటిచ్చెను. తలిదండ్రులు గమనింపదగిన విషయమిది.

సమీపముననున్న థార్న్ పట్టణపు గ్రామర్ స్కూలులో చదువు ముగించి, 1938 లో విద్యార్థి వేతనముతో లీడ్సు విశ్వవిద్యాలయమున చేరి, 1941 లో రసాయన శాస్త్రమున పట్టము పొందెను. చివరి సంవత్సరమున రసాయన శాస్త్రముతో బాటు రేడియో భౌతిక శాస్త్రమును, ఎలక్ట్రానిక్సును కూడ అదనముగా నభ్యసించెను. రసాయన శాస్త్రజ్ఞుడు కాగోరువానికి ఈ విద్య యేలయని నాడు ఎవరైన అడిగియుండినచో, యుద్ధము వచ్చినదన్న మాట తప్ప వేరు సమాధానము దొరకకపోవును.

రెండవ ప్రపంచ యుద్ధము అప్పటికి సాగుచుండెను. పోర్టరు నౌకాదళమున రాడారు అధికారియై, అట్లాంటిక్ మహాసముద్రపు తూర్పు మార్గములందును, మధ్యధరా సముద్రమునను పనిచేసెను. రాడారు అన నేమో విద్యార్థులు ఎరుగుదురు. అల్పకాలము మాత్రముండు ఒక రేడియో తరంగ స్పందనమును పంపి, అది దూరపు నౌకకో విమానమునకో తగిలి తిరిగి వచ్చుటకు ఎంత కాలము పట్టినదో కొలిచి, ఆ వస్తువు ఎంత దూరముననున్నదో కనుగొనుటయే దాని పని. కాలమును పదిలక్షవ వంతు సెకండు వరకు విభజించి లెక్కించుట ఆ యువకునకు నిత్యకృత్యమయ్యెను. ఇరువది యొకటవ యేట నుండి ఇరువది నాలుగవ యేట వరకు, ఇతరులు పరిశోధనములు చేయు వయస్సున, ఆయన సముద్రముపై గడపెను. రసాయన శాస్త్రమునకు సంబంధించినంతవరకు ఆ యేండ్లు వ్యర్థములైనట్లే తోచియుండును.

యుద్ధము ముగిసిన పిమ్మట 1945 లో ఆయన కేంబ్రిడ్జికి పోయి, ఆచార్య రోనాల్డ్ నారిష్ గారి యొద్ద పరిశోధక విద్యార్థిగా చేరెను. 1897 లో జన్మించిన నారిష్ గారి చదువును మొదటి ప్రపంచ యుద్ధము అట్లే తెగగొట్టియుండెను. ఆయన ఫిరంగి దళమున పనిచేయుచు 1918 లో శత్రువుల చేత చిక్కి, ఖైదీగా నుండి, యుద్ధానంతరము 1919 లో తిరిగి కేంబ్రిడ్జికి వచ్చి చదువు సాగించినవాడు. ఆ విధముగా రెండు యుద్ధముల చేత చదువు ఆగిపోయిన ఇద్దరు ఒక్క ప్రయోగశాలలో గురుశిష్యులైరి.

నారిష్ గారి విద్య కాంతి రసాయన శాస్త్రము, అనగా వెలుగు సోకుటచే వస్తువులందు కలుగు మార్పులను పరిశీలించు శాస్త్రము. ఈ మార్పులు మన యింటిలో లేనివి కావు. తెల్లని బట్టకు పసుపు మరక యైనప్పుడు మన తల్లులు దానిని ఉతికి ఎండలో ఆరవేయుదురు. సాయంకాలమునకు మరక వెలసిపోవును. ఎండ ఆ పసుపులోని రంగు అణువులను మార్చినది. మొదట నేమున్నదో మనకు తెలియును, చివరకేమైనదో తెలియును. నడుమ నేమి జరిగినది? వెలుగు తగిలిన క్షణమున అణువు ఏ రూపము దాల్చినది? ఈ ప్రశ్నకే నాటి శాస్త్రజ్ఞులు ప్రత్యక్ష సమాధానము చెప్పలేకుండిరి.

వెలుగు తగిలి అణువు చీలినప్పుడు రాడికల్ అను ముక్కలు పుట్టునని ఊహింపబడియుండెను. అవి మిక్కిలి చురుకైనవి. పుట్టిన వెంటనే మరియొక అణువుతో కలిసి మాయమగును. కావున వాని సంఖ్య ఏ సమయమునందును అత్యల్పము. చిల్లుకుండలో సన్నని ధారగా నీరు పోసినచో అడుగున తడి తప్ప నీరు నిలువదు. ఎంతసేపు పోసినను అంతియే. దీపపు వెలుగు ఎడతెగక ప్రసరించునప్పుడు రాడికల్ స్థితియు నట్టిదే. పోర్టరు వెదుకవలసియుండిన వానిలో మెథిలీను అను రాడికల్ యొకటి. ఒక కర్బన పరమాణువు, రెండు ఉదజని పరమాణువులు కలిసిన చిన్న ముక్క యది. యుద్ధమున వాడి మిగిలిన సర్చిలైటు వంటి గొప్ప దీపములను ప్రయోగించినను ఆ చిల్లుకుండ నిండలేదు.

1947 లో పోర్టరు ఒక పాదరసపు దీపమును తెచ్చుటకై ప్రెస్టన్ పట్టణములోని సీమెన్సు దీపముల కార్మాగారమునకు పోయెను. అచట ఛాయాచిత్రములు తీయుటకు ఉపయోగించు మెరుపు దీపములను తయారు చేయుచుండుట ఆయన కంటబడెను. విద్యుత్తును కండెన్సరులలో నిలువచేసి, దానినంతను ఒక్కమారుగా వాయువు నింపిన గొట్టము గుండ వదలినచో కన్ను మిరుమిట్లు గొలుపు వెలుగు పుట్టి, ఆరిపోవును. దానిని చూచినవారు పలువురు. తన ప్రశ్నను మనస్సున మోయుచు చూచినవాడు ఆయన యొక్కడు. సన్నని ధారకు బదులు కడివెడు నీటిని ఒక్కమారుగా కుమ్మరించినచో చిల్లుకుండయు క్షణకాలము నిండియుండును గదా! ఎడతెగని దీపమునకు బదులు ఒక్క ఘోరమైన మెరుపును ప్రయోగించినచో, లెక్కకు మిక్కిలియైన అణువులు ఒక్కమారే చీలును. రాడికల్‌లు కొంతసేపు గుంపుగా నిలుచును. ఆ కొంతసేపటిలోనే వానిని చూడవలెను.

చూచుట యెట్లు? ఇచట నౌకాదళపు విద్య ఆయనకు తోడ్పడెను. మొదటి మెరుపు అణువులను చీల్చును. తరువాత నిర్ణీతమైన కాలమునకు రెండవ మెరుపు, మొదటిదానికంటె బలహీనమైనది, ఆ పాత్ర గుండ ప్రసరించి వర్ణపటదర్శినిని చేరును. నడుమనున్న రాడికల్‌లు ఆ వెలుగులో తమకు ప్రియమైన రంగులను మ్రింగును. మ్రింగిన చోట ఛాయాచిత్ర ఫలకముపై గీతలేర్పడును. ఒక్కొక్క పదార్థపు గీతలు ఒక్కొక్క విధముగా నుండుటచే, మన వ్రేలిముద్రవలె అవి దానిని పట్టియిచ్చును. రెండు మెరుపుల నడిమి ఎడమును మార్చుచు మరల మరల చిత్రములు తీసినచో, రాడికల్ పుట్టుట, పెరుగుట, క్షీణించుట యంతయు వరుసగా తెలియవచ్చును. ఒక స్పందనమును పంపి, నిర్ణీతకాలమునకు పిమ్మట సమాధానమును చదువు రాడారు పద్ధతికి ఇది సోదరి వంటిది.

1949 లో నారిష్, పోర్టరు గారలు ఈ పద్ధతిని నేచర్ పత్రికలో ప్రకటించిరి. దానికి ఫ్లాష్ ఫొటోలిసిస్ అను పేరు నిలిచినది. అంతకు ముందు ఇట్టి క్షణికపదార్థములను సెకండులో చిన్న భాగముల కాలమున ప్రత్యక్షముగా చూచుటకు తగిన సాధనము లేకుండెను. ఇప్పుడు ఒక్క సెకండులో వేయవ వంతు కాలము చేతికందెను. అనతికాలముననే పదిలక్షవ వంతును అందెను. క్లోరిన్, ఆక్సిజన్ వాయువుల మిశ్రమముపై మెరుపును ప్రయోగించి, ఆ రెండింటి పరమాణువులు ఒక్కొక్కటి కలిసిన క్లోరిన్ మోనాక్సైడు అను రాడికల్‌ను పోర్టరు కనుగొనెను. ఆనాడది ప్రయోగశాలలోని వింత మాత్రమే. 1974 తరువాత శీతలయంత్రములలో వాడిన కొన్ని వాయువులు పైయాకాశమున చేరి ఓజోను పొరను కరగించునని శాస్త్రజ్ఞులు హెచ్చరించినప్పుడు, ఆ వినాశక్రియలో ముఖ్యపాత్ర వహించునది ఈ రాడికలేయని తేలెను. ఒక గాజుగొట్టములో క్షణకాలము కనబడి మాయమైనది భూమికి గొడుగువంటి పొర క్షేమమునకు సంబంధించినదగుట మిక్కిలి ఆశ్చర్యకరము.

ఆ 1949 లోనే ఆయనకు స్టెల్లా బ్రూక్ అను కన్యతో వివాహమయ్యెను. వారికి ఇద్దరు కుమారులు కలిగిరి.

వాయువులతో ఆరంభమైన ఈ పరిశోధనము ద్రవములకు ప్రాకుట తరువాతి మెట్టు. వాయువులోని అణువులు విశాలమైన మైదానమున పరుగిడు పిల్లలవంటివి. ద్రవములోని అణువులు తిరునాళ్లలోని జనమువంటివి. ఎటు కదలినను ఎవరో యొకరి భుజము తగులును. అట్టి ఒత్తిడిలో, వెలుగును మ్రింగి ఉద్రేకము చెందిన అణువు తన శక్తిని పొరుగువారికి పంచి వెంటనే చల్లబడునుగాన, దానిని చూచుట అసాధ్యముగా తోచెను. ఉద్రేకము చెందిన అణువులు కొన్ని ట్రిప్లెట్ అను ఒక స్థితిలో కొంత తడవు నిలుచునని, గాజువలె గట్టిపడిన పదార్థములందు అంతకు ముందే చూపబడియుండెను. సామాన్య ద్రవములందు దానిని చూచినవారు లేరు. 1950 తరువాతి సంవత్సరములలో పోర్టరును, ఆయనతో పనిచేసిన విండ్సరును ద్రావణములోని గాలిని జాగ్రత్తగా తీసివేసి, మెరుపును ప్రయోగించి, ఆ స్థితిని ద్రవమునందే చూచిరి. గాలిని తీయుట యేలన, అందలి ఆక్సిజన్ ఆ స్థితిలోని అణువులను తాకి వెంటనే శాంతింపజేయును. మనము బట్టల పెట్టెలలో వేయు ఉండలలోని నాఫ్తలీను వారు పరీక్షించిన పదార్థములలో నొకటి.

1954 లో పోర్టరు మాంఛెస్టరు ప్రాంతమున రేయాన్ బట్టల పరిశోధన సంఘమునకు సహాయ సంచాలకుడై, ఎండకు రంగులు వెలియుటకును, కొన్ని రంగులు వేసిన బట్ట చివుకుటకును కారణములను శోధించెను. కొన్ని రంగు అణువులు వెలుగును మ్రింగిన పిమ్మట నూలుపోగులోని ఉదజని పరమాణువును లాగుకొనుననియు, అందుచే పోగు బలహీనమగుననియు ఇట్టి శోధనముల వలన తెలియవచ్చెను. కిటికీ తెరలు పదేండ్లకు పీలికలగుటకు ఎండ యెట్లు కారణమో దీనివలన మనకు బోధపడును. 1955 లో ఆయన షెఫీల్డు విశ్వవిద్యాలయమున భౌతిక రసాయన శాస్త్రాచార్యుడయ్యెను. 1960 లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. 1966 లో లండను నగరములోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌కు అధిపతి యయ్యెను. మైకేలు ఫారడే మహాశయుడు జీవితమంతయు పనిచేసిన సంస్థ యదియే.

1967 లో రసాయన శాస్త్రపు నోబెల్ బహుమానము ముగ్గురకు లభించెను. సగము జర్మనీ దేశీయుడైన మాన్‌ఫ్రెడ్ ఐగెన్‌కును, తక్కిన సగము నారిష్, పోర్టరు గారలకును పంచబడెను. ఐగెన్ ద్రవములందలి అతిశీఘ్రక్రియలను వేరొక పద్ధతిచే కొలిచినవాడు. ఆయనయు బాల్యముననే జర్మను విమాన నిరోధక దళమున పనిచేయవలసి వచ్చి, 1945 లో గొట్టింగెన్ విశ్వవిద్యాలయమున చదువు సాగించినవాడే. పరస్పరము పోరాడిన దేశములకు చెందినవారును, యుద్ధముచే చదువు తెగినవారును అగు ఈ ముగ్గురు ఒక్క వేదికపై ఒక్క బహుమానమును పంచుకొనిరి. మానవజాతి యుద్ధములో పోగొట్టుకొన్నదానిలో కొంతయైన ఇట్లు తిరిగి వచ్చినది.

బహుమానము వచ్చిన తరువాత పలువురు విశ్రమింతురు. పోర్టరు విశ్రమింపలేదు. ఆయన దీపములు పదిలక్షవ వంతు సెకండు వద్ద ఆగియుండెను. అంతకంటె త్వరగా వెలిగి ఆరునట్లు ఆ దీపములను చేయుట కష్టమయ్యెను. 1960 లో అమెరికాలో లేజరు పుట్టెను. రంగు చెదరక, దిక్కు తప్పక, మిక్కిలి స్వల్పమైన స్పందనములుగా రాగల వెలుగది. పోర్టరును, ఆయన శిష్యుడు టాపును 1968 లో లేజరుతో నూరు కోట్లవ వంతు సెకండుల లెక్కను అందుకొనిరి. ఇంత స్వల్పకాలమును కొలుచుట కెట్టి గడియారమును సరిపోదు. వారు వెలుగునే గడియారముగా చేసికొనిరి. నూరు కోట్లవ వంతు సెకండులో వెలుగు సుమారు ఒక అడుగు పోవును. ఒకే స్పందనమును రెండుగా చీల్చి, ఒక దానిని నేరుగా ద్రావణమునకు పంపి, రెండవదానిని కొంత దూరమున నిలిపిన అద్దము వరకు నడిపించి మరల రప్పించినచో, రెండవది ఆ నడక పట్టునంత ఆలస్యముగా వచ్చును. అద్దమును ఐదడుగులు వెనుకకు జరిపినచో పోక రాకలకు పదియడుగుల దూరము పెరుగును. పరీక్షించు వెలుగు నూరు కోట్లవ వంతులు పది ఆలస్యమగును. కాలమును కొలబద్దతో కొలిచినట్లయినది!

తరువాతి దశాబ్దమున లేజరు స్పందనములు మరల వేయింతలు కుదించుకొని, లక్ష కోట్లవ వంతు సెకండును సమీపించెను. ఆ కాలములో వెలుగు పోవు దూరము ఆవగింజంతయు లేదు. ద్రవములో ఒక అణువు పొరుగు అణువును ఢీకొను కాలము ఇంచుమించుగా అట్టిదే. కావున తిరునాళ్లలో ఒక్కొక్క భుజపుపోటును ఇప్పుడు లెక్కింపవచ్చును. గాయములకు పూయు అయొడిను అణువును ద్రవములో వెలుగు చీల్చినప్పుడు, దాని రెండు పరమాణువులు చుట్టునున్న గుంపును దాటలేక పలుమారు మరల కలిసికొనునని శాస్త్రజ్ఞులు చిరకాలముగా ఊహించియుండిరి. 1970 దశాబ్దమున అమెరికాలో దానిని ఇట్టి స్పందనములతో ప్రత్యక్షముగా గమనించిరి. పోర్టరు తన దృష్టిని పచ్చని ఆకులవైపు త్రిప్పెను. సూర్యకిరణము ఆకుపై బడినప్పుడు ఆ శక్తి ఒక రంగు అణువు నుండి మరియొక అణువునకు చేతులు మారుచు తన గమ్యమును చేరును. మన నీటిబావి నుండి పందిరి వరకు వరుసగా నిలిచి బిందెలు అందించుకొను రీతి యిది. ఒక జాతి ఎఱ్ఱని నాచులో ఈ అందింపు లక్ష కోట్లవ వంతుల లెక్కలో జరుగుటను ఆయన బృందము 1978 లో కొలిచెను. ఆకు చేయు పనిని మానవుడు నేర్చి, సూర్యకాంతితో నీటినుండి ఇంధనమును తీయవలెనని ఆయన జీవితాంతము ఆశించెను. ఆ యాశ ఆయన కాలమున నెరవేరలేదు. నేటికిని పెక్కు ప్రయోగశాలలలో ఆ ప్రయత్నము సాగుచున్నది.

ఇట్టి పండితుడు బాలురతో మాటలాడుటను చిన్నతనముగా భావింపలేదు. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో బాలబాలికలకై క్రిస్మసు ఉపన్యాసములు 1825 లో ఆరంభమైనవి. ఫారడే మహాశయుడు పలుమారు వానిని ఇచ్చెను. పోర్టరు 1969 లో కాలమును కొలుచు యంత్రములను గూర్చియు, 1976 లో సూర్యకిరణపు చరిత్రను గూర్చియు ఈ ఉపన్యాసములిచ్చెను. బల్లపై ప్రయోగములు చేసి చూపుచు ఆయన చెప్పిన పాఠములు టెలివిజను ద్వారా లక్షలాది యిండ్లకు చేరెను. విజ్ఞానమును ప్రజలలో వ్యాపింపజేసినవారికి యునెస్కో సంస్థ యిచ్చు కళింగ బహుమానము 1976 లో ఆయనకు లభించెను. ఒరిస్సా నాయకుడైన బిజూ పట్నాయకు గారు ఇచ్చిన ధనముతో స్థాపింపబడిన బహుమానమిది. శ్రీకాకుళపు సీమతో పురాతన సంబంధముగల కళింగము పేరు ఇట్లు ఆయన చరిత్రలో చేరుట మనకు సంతోషదాయకము.

1972 లో ఆయనకు సర్ బిరుదము వచ్చెను. 1985 నుండి 1990 వరకు రాయల్ సొసైటీకి అధ్యక్షుడుగా నుండెను. ఆ కాలమున ఇంగ్లండు ప్రభుత్వము పరిశోధనములకు ధనమిచ్చుటలో బిగువు చూపగా, ఆయన అధికారులకు వెరవక వాదించెను. వెంటనే లాభము నిచ్చు విద్య, లాభము కానరాని విద్య యని శాస్త్రమును రెండుగా చీల్చుట తగదనియు, రెండవది నాటికి ఉపయోగములోనికి రాని విద్య మాత్రమేననియు ఆయన అభిప్రాయము. క్లోరిన్ మోనాక్సైడు కథను ఎరిగిన మనకు ఆ వాదమునందలి బలము తెలియకపోదు. 1990 లో ప్రభువుల సభలో స్థానము లభించెను. వార్ధక్యమునను లండనులోని ఇంపీరియల్ కళాశాలలో ఆకుపచ్చ రంగుపై పరిశోధనము సాగించెను. నౌకాదళమునాటి సముద్రము ఆయనను విడువలేదు. తెరచాపపడవ నడుపుట ఆయనకు ప్రియమైన వినోదము. 2002 వ సంవత్సరము ఆగస్టు 31 వ తేదీన కాంటర్‌బరీ నగరమున ఆయన పరమపదించెను.

ఆయన చరిత్రలో మరియొక సంగతి గలదు. యువకుడై వెదకిన మెథిలీను రాడికల్‌ను ఆయన చూడలేకపోయెను. 1959 లో కెనడాలో హెర్ట్స్‌బర్గు అను మహాశాస్త్రజ్ఞుడు దాని వర్ణపటమును పట్టెను. పట్టినది పోర్టరు నేర్పిన మెరుపు పద్ధతిచేతనే. లక్ష కోట్లవ వంతులో మరల వేయవ వంతు కాలమున, అణువులోని బంధము తెగుచుండగానే చూచినందుకు 1999 లో నోబెల్ బహుమానమును పొందినవాడు ఈజిప్టు దేశమున పుట్టి అమెరికాలో పనిచేసిన అహమ్మదు జెవైలు. ఆయనయు మొదటి వెలుగుతో కదిలించి, రెండవ వెలుగుతో చూచు ఆ పాతమార్గముననే నడచెను. తాను త్రవ్విన బావిలో నీరు పరులు త్రాగుట త్రవ్వినవానికి నష్టము కాదు.

ఇక ఈ చరిత్రమును ఎన్నుకొనుటకు గల కారణమును విన్నవింతుము. కొన్ని సంవత్సరముల క్రిందట మా తరగతిలో ఒక బాలుడు తిరిగి చేరెను. ఇంటి యిబ్బందులచే చదువు మాని, రెండేండ్లు ఒక మోటారు మరమ్మతు దుకాణమున పనిచేసి వచ్చినవాడు. తనకంటె చిన్నవారి నడుమ నుండుటకు సిగ్గుపడి వెనుక బల్లపై కూర్చుండెడివాడు. మేమును వానిని రెండేండ్లు పోగొట్టుకొన్నవాని క్రిందనే జమకట్టితిమి. వానికి వినబడునట్లు ఆ మాట ఒకటి రెండు సారులు అనియు నుంటిమి. ఒకనాడు విద్యుత్తును గూర్చి పాఠము చెప్పుచు దీపమును వెలిగింపబోగా అది వెలుగలేదు. పుస్తకమును మరల మరల చూచుచు మేము తికమకపడుచుండగా, వాడు మెల్లగా లేచి వచ్చి, తీగ కొసను చాకుతో గీకి, వదులైన మరను బిగించెను. దీపము వెలిగెను. తరగతి యంతయు చప్పట్లు చరచెను. మాకు మాత్రము నోట మాట రాలేదు. వాడు పోగొట్టుకొన్నాడని మేమనిన రెండేండ్లు వాని వ్రేళ్లలోనే యున్నవి. వానిని చూడగల వెలుగు మాయొద్ద లేకపోయినది.

ఆ సాయంకాలము వానిని పిలిచి మా తప్పును ఒప్పుకొంటిమి. మరునాటినుండి వాడు ముందు బల్లకు వచ్చెను. నారిష్ గారి యొద్దకు 1945 లో వచ్చిన నౌకాదళపు యువకుని గూర్చి చదివినప్పుడెల్ల ఆ బాలుడు మాకు జ్ఞప్తికి వచ్చును. ఆ ఆచార్యుడు శిష్యుడు సముద్రముపై గడపిన యేండ్లను కొరతగా నెంచియుండినచో, ఆ రాడారు విద్య ప్రయోగశాల గడప దాటి లోనికి వచ్చియుండునా?

విద్యార్థులారా! మీలో కొందరికి జబ్బుచేతనో, బీదరికముచేతనో, మరియే కారణముచేతనో చదువు నడుమ తెగవచ్చును. తెగిన కాలములో చేసిన పనిని శ్రద్ధతో చేయుడు. తిరిగి వచ్చునప్పుడు దానిని దాచుకొనక వెంట తెచ్చుకొనుడు. తలిదండ్రులారా! అట్టి బిడ్డను మరల బడికి పంపుటకు సందేహింపకుడు. ఉపాధ్యాయ సోదర సోదరీమణులకును, ముందుగా మాకును, చెప్పుకొనవలసినది యొకటి మిగిలినది. హాజరు పట్టీలో ఖాళీగానున్న గడులను చూచి బాలుని యేండ్లు ఖాళీగా గడచినవని తీర్పు చెప్పకుందుము. వాడు ఆ యేండ్లలో ఏమి నేర్చెనో మొదట అడిగి తెలిసికొందుము.